పాలల్లో అరటిపండు, మార్చిలో మామిడిపండు

పోయినేడాది సంక్రాంతి తరవాత అమ్మ మా ఇంట్లో నెల రోజులుంది. మా వాడికి ఐదేళ్ళు, రాత్రిపూట పాలన్నంలో అరటిపండు చిదిమి కలిపితే గానీ వాడికి ముద్ద దిగదు. ఒకరోజు అన్నం కలిపి గిన్నె వాడి ముందు పెట్టి ఆఫీసు కాల్ వస్తే లోపలికెళ్ళాను, తిరిగొచ్చేసరికి గిన్నె లేదు, వాడు ఏడుస్తున్నాడు, అమ్మ వంటింట్లో ఆ అన్నాన్ని చెత్తబుట్టలో వేస్తోంది. అమ్మ అన్నం పారేయడం నేను పుట్టాక చూళ్ళేదు. కింద పడ్డ మెతుకు కూడా తీసి కళ్ళకద్దుకునే మనిషి. "పాలూ అరటిపండూ కలిస్తే విషమట, ఆయుర్వేదంలో ఉందట, వీడియోలో డాక్టరుగారే చెప్పారు, పిల్లాడికి ఇన్నాళ్ళూ ఇదేనా పెడుతున్నావు" అంది.

నాకూ తమ్ముడికీ బడికెళ్ళే వయసుదాకా అదే అన్నం అదే పండుతో కలిపి పెట్టింది అమ్మే. ఆ మాట నేను అనేలోపే ఆవిడకే గుర్తొచ్చింది, గిన్నె కడుగుతూ కడుగుతూ ఆగి "మీకు కూడా పెట్టాను కదే" అంది మెల్లిగా. ఆ గొంతు నాకింకా వినపడుతూనే ఉంది. డెబ్భై ఏళ్ళ మనిషి, పిల్లలకి తన చేత్తో విషం పెట్టానేమో అని ఆ రాత్రి సరిగ్గా నిద్రపోలేదు.

అప్పట్నుంచి ఈ పండ్ల సంగతి నన్ను వదల్లేదు. నేను వైద్యురాల్ని కాను, కానీ పాత ఆయుర్వేద గ్రంథాలు చరకం, సుశ్రుతం, వాగ్భటుడి అష్టాంగహృదయం, భావప్రకాశం తెలుగు తాత్పర్యాలతో దగ్గర పెట్టుకుని పండ్ల గురించి ఉన్న చోట్లన్నీ నెలల తరబడి చదివాను, అర్థం కానివి మా ఊరి వైద్యుడుగారిని అడిగాను. చదివిన కొద్దీ నాకు అనిపించింది ఒక్కటే, మనం ఆయుర్వేదం లోంచి భయం మాత్రం తెచ్చుకున్నాం, అందులో పండు గురించి నిజంగా పట్టుబట్టి చెప్పిన మాటలు అక్కడే వదిలేశాం.

జాబితాలో ఉంది, నిజమే

ముందు వీడియో డాక్టరుగారి తరఫున చెప్పాల్సింది చెప్పేస్తాను. ఆయన అబద్ధం చెప్పలేదు. చరకసంహిత సూత్రస్థానం 26వ అధ్యాయంలో విరుద్ధాహారం, అంటే ఒకదానితో ఒకటి పడని తిండి గురించి చెప్తూ పాలతో కలపకూడని వాటి పెద్ద వరస ఒకటుంది. మామిడి, మాదీఫలం, వాక్కాయ, రేగు, నేరేడు, వెలగ, పనస, కొబ్బరి, దానిమ్మ, ఉసిరి, వీటితో పాటు 'మోచ' అంటే అరటి కూడా. చివర్లో ఇంకా పుల్లగా ఉన్నదేదైనా సరే, పల్చనిదైనా గట్టిదైనా సరే, పాలతో పనికిరాదు అని ముగించాడు.

ఇక్కడిదాకా చదివి పుస్తకం మూసేస్తే అమ్మ అన్నం పారేయడం రైటే. కానీ అదే అధ్యాయం చివరికొచ్చేసరికి ఇంకో మాట ఉంది, దాన్ని ఏ వీడియోలోనూ నేను వినలేదు. ఆ తిండి అలవాటై ఒంటికి సరిపడ్డవాళ్ళకి, కొంచెమే తిన్నవాళ్ళకి, జఠరాగ్ని, అంటే అరిగించుకునే శక్తి బాగా ఉన్నవాళ్ళకి, వయసులో ఉన్నవాళ్ళకి, నెయ్యీ నూనే తింటూ వ్యాయామం చేస్తూ బలంగా ఉన్నవాళ్ళకి విరుద్ధాహారం కూడా ఏమీ చెయ్యదు అని. అంటే రోజంతా గెంతుతూ ఉండే పిల్లాడు, మూడేళ్ళ నుంచి అలవాటున్న తిండి, ఒక్క చక్కెరకేళీ. ఇవన్నీ ఆ మినహాయింపులోనే ఉన్నాయి కదా.

ఇంకోటి, సత్యనారాయణ వ్రతం చేసుకునే ఇళ్ళలో ప్రసాదం ఏంటి? ఆ కథలోనే ఉంది, అరటిపండు, నెయ్యి, పాలు, గోధుమపిండి అని. పంచామృతంలో తేనే నెయ్యీ రెండూ పడతాయి, అవి సమానంగా కలిస్తే విరుద్ధమని చెప్పింది కూడా ఆ చరకుడే. మన పెద్దవాళ్ళు వైద్యం తెలియక ఇవి చేశారా? నాకలా అనిపించదు. ప్రసాదం అరచేతిలో పట్టేంత పెడతారు, సోలెడు తాగమనరు.

మామిడి సంగతి ఇంకా స్పష్టంగా ఉంది. చరకుడి వరసలో మామిడి ఉందని మిల్క్‌షేక్ తాగినవాళ్ళని తిట్టేవాళ్ళున్నారు. 16వ శతాబ్దంలో భావమిశ్రుడు భావప్రకాశంలో పండిన మామిడిని పాలతో కలిపి తీసుకోవడం గురించి విడిగా చెప్పాడు, వాతాన్నీ పిత్తాన్నీ తగ్గిస్తుంది, రుచిగా ఉంటుంది, బలమిస్తుంది, ఒళ్ళు చేయిస్తుంది, కాకపోతే అరగడానికి బరువు, చలవ అని. ఈ రెండూ కొట్టుకుంటున్నాయా అని వైద్యుడుగారిని అడిగితే ఆయన ఒక్క మాటలో తేల్చేశారు, "పుల్లది వద్దన్నాడు, తియ్యటిది కానిచ్చాడు, నీ నాలిక ఉంది కదమ్మా చూసుకోడానికి."

ఈ భయం మనుషుల్ని ఎంత దూరం తీసుకెళ్తుందో ఒకటి చెప్తాను. నాతో పనిచేసే ఒకమ్మాయికి బొల్లి ఉంది. మొహం మీద కాదు, చేతుల మీద, ఎండాకాలం కూడా పొడుగు చేతుల చొక్కాలే వేసుకుంటుంది. వాళ్ళమ్మగారిని ఇరవై ఏళ్ళుగా చుట్టాలు అడిగేది ఒకటే, చిన్నప్పుడు చేపల మీద పాలు తాగించావా అని. చరకుడు పాలూ చేపలూ కలపొద్దన్నాడు, విరుద్ధాహారం వల్ల వచ్చే జబ్బుల్లో చర్మరోగాలూ చెప్పాడు, అందుకని ఒక తల్లిని జీవితాంతం దోషిగా నిలబెట్టేశారు. బొల్లి అనేది ఒంట్లో రోగనిరోధక వ్యవస్థ రంగునిచ్చే కణాల మీద తిరగబడ్డం వల్ల వస్తుందని ఇవాళ ఏ చర్మ డాక్టరైనా చెప్తారు, పాలూ చేపల వల్ల వస్తుందనడానికి ఆధారం లేదు. ఆయుర్వేదం మీద నాకు గౌరవం ఉంది, ఆ గౌరవంతోనే చెప్తున్నా, ఈ ఒక్క విషయంలో పాత మాట పట్టుకుని ఎవరి తల్లినీ ఏడిపించకండి.

ఎనిమిదిలో ఒకటి

చరకుడే విమానస్థానం మొదటి అధ్యాయంలో ఆహారం మంచిదా కాదా తేల్చడానికి ఎనిమిది చూడమన్నాడు. ప్రకృతి, కరణం, సంయోగం, రాశి, దేశం, కాలం, ఉపయోగసంస్థ, ఉపయోక్త. మన భాషలో చెప్పాలంటే ఆ పదార్థం స్వభావమేంటి, దాన్నేం చేసి తింటున్నావు, దేనితో కలుపుతున్నావు, ఎంత, ఎక్కడ, ఎప్పుడు, ఎలా కూర్చుని తింటున్నావు, అసలు తినేది ఎవరు. వాట్సాప్‌లో తిరిగేదంతా మూడోది, 'దేనితో కలిపి' అన్న ఒక్కటే. మిగిలిన ఏడూ పోయాయి. ఎందుకు పోయాయో ఊహించడం కష్టమేం కాదు, 'అరటిపండు ప్లస్ పాలు విషం' అన్నది ఒక బొమ్మ మీద పడుతుంది, 'నీకెంత ఆకలేస్తోంది' అన్నది పట్టదు.

కరణం అంటే ఏంటో తాండ్ర చూస్తే తెలుస్తుంది. ఆత్రేయపురం వైపు మామిడి గుజ్జుని చాపల మీద పూతలు పూతలుగా వేసి ఎండబెట్టడం చూసినవాళ్ళకి తెలుసు, ఒక పూత ఆరాక దాని మీద ఇంకో పూత, ఎండే పొయ్యి. భావప్రకాశంలో దానికి ఆమ్రావర్తం అని పేరు. పండు అరగడానికి బరువే కానీ అదే రసం ఎండకి పక్వమైంది కాబట్టి తేలిక, దాహాన్నీ వాంతినీ తగ్గిస్తుంది అన్నాడు. పండు అదే, చేసిన పని మారింది, గుణం మారింది. చిన్నప్పుడు బస్సులో వాంతులవుతాయని నానమ్మ తాండ్ర ముక్క చేతిలో పెట్టేది, ఈ వాక్యం చదివిన రోజు నాకు ఆవిడ చెయ్యి గుర్తొచ్చింది.

రాశి, అంటే ఎంత తింటున్నామన్న సంగతి మా నాన్నతో తెలిసింది. ఆయనకి షుగర్ వచ్చి పన్నెండేళ్ళయింది. మామిడి బలకరం, ధాతువుల్ని పెంచుతుంది అని ఎవరో పంపిన మెసేజ్ చూపించి ఒక మే నెలంతా రోజుకి రెండు పెద్దరసాలు తిన్నారు, జూన్‌లో మూడు నెలల షుగర్ టెస్టు చూసి డాక్టరుగారు మందు పెంచారు. మెసేజ్ తప్పు కాదు, ఆ మాట పుస్తకంలో ఉంది. ఒళ్ళు పెంచేవీ తియ్యటివీ ప్రమేహానికి, అంటే షుగర్ లాంటి జబ్బులకి కారణాలని చెప్పింది కూడా ఆ పుస్తకాలే, ఆ పేజీ ఎవరూ ఫార్వర్డ్ చెయ్యలేదు. ఇప్పుడు నాన్న డాక్టరుగారు చెప్పిన లెక్కలో చిన్న ముక్కలు తింటారు, అన్నం తగ్గించి.

ఇంకో ముఖ్యమైన సంగతి. బొప్పాయి, జామ, సపోటా, అనాస, ఇవన్నీ అమెరికా ఖండాల నుంచి వచ్చిన చెట్లు, పోర్చుగీసువాళ్ళు వచ్చాకే మనకి చేరాయి. వీటి గురించి చరకుడూ సుశ్రుతుడూ ఏమీ చెప్పి ఉండరు. జామకాయ తిని నీళ్ళు తాగితే దగ్గొస్తుందని మన ఇళ్ళలో అనుకోవడం వేరు, అది అనుభవంతో వచ్చిన మాట, దాన్ని నేను కొట్టిపారెయ్యను. కానీ డ్రాగన్ ఫ్రూట్‌కీ అవకాడోకీ కివీకీ కూడా 'మహర్షులు చెప్పినట్టు' అని మొదలుపెట్టే మెసేజ్ చూస్తే అక్కడితో చదవడం ఆపేయండి.

పుష్యమాసంలో పుచ్చకాయ

నేను కూడా ఒకప్పుడు రూల్స్ మనిషినే. నాలుగేళ్ళ కిందట ఒక ఆరోగ్య శిబిరంలో చేరాను, మధ్యాహ్నం 12 దాకా పండ్లే, ఖాళీ కడుపుతోనే, వేరే ఏదీ కలపకూడదు, ఇది ఆయుర్వేద ప్రకారం అన్నారు. డిసెంబరు చివర్లో మొదలుపెట్టాను. పొద్దున్నే ఆరున్నరకి ఫ్రిజ్ తెరిచి ముందురోజు రాత్రి కోసి డబ్బాలో పెట్టిన పుచ్చకాయ, బొప్పాయి ముక్కలు తీసుకుని బాల్కనీలో నిలబడి తినేదాన్ని, పళ్ళు జివ్వుమనేవి, అరగంటకి చేతివేళ్ళు చల్లబడేవి, దుప్పటి కప్పుకుని లాప్‌టాప్ ముందు కూర్చునేదాన్ని. మొదటి పది రోజులు ఒళ్ళు తేలిగ్గానే ఉంది. తరవాత కడుపుబ్బరం, పులితేన్పులు, మధ్యాహ్నం అన్నం చూస్తే ఆకలి లేకపోవడం. శిబిరంలో అడిగితే విషాలు బయటికి పోతున్నాయి, అలాగే ఉంటుంది అన్నారు. ఆ మాట నమ్మి ఇంకో నెలన్నర చేశాను, బరువు ఐదు కిలోలు తగ్గాను, చూసినవాళ్ళు నీరసపడ్డావేంటి అన్నారు.

ఊరెళ్ళినప్పుడు అమ్మ బలవంతం మీద మా వైద్యుడుగారి దగ్గరికెళ్ళాను. ఆయన నాడి పట్టుకోకముందే అడిగింది, తిన్నది అరిగి మళ్ళీ ఆకలి ఎన్నింటికి వేస్తోంది అని. నాకు సమాధానం తెలీదు. రెండు నెలలుగా టైం చూసి తింటున్నా గానీ ఆకలి చూసి తినలేదు. ఏం తింటున్నావో చెప్పమంటే చెప్పాను. ఆయన కోప్పడలేదు, బాధపడ్డారు, "పండు తప్పు కాదమ్మా, పుచ్చకాయకి పుష్యమాసంలో పనేముంది? అదీ ఫ్రిజ్‌లోది, అదీ నీ ఒంటికి, అదీ తెల్లారగట్ల" అన్నారు. వేడివేడి పొంగలి మిరియాలు వేసుకుని తిను, పండు తినాలంటే పదకొండింటికి ఎండలో కూర్చుని రేగుపండో దానిమ్మో తిను అన్నారు. మందేమీ ఇవ్వలేదు, సొంఠి తప్ప. మూడు వారాలకి ఆకలి తిరిగొచ్చింది.

ఖాళీ కడుపు సంగతి పుస్తకంలో ఏముందో తరవాత చూశాను. సుశ్రుతుడు సూత్రస్థానం 46వ అధ్యాయంలో భోజనం మొదట్లో దానిమ్మ లాంటి పండ్లు తినమన్నాడు, ఉసిరి అయితే మొదట్లో మధ్యలో చివర్లో ఎప్పుడైనా సరే మంచిదన్నాడు. భావప్రకాశంలో ఆ మొదటి వరస లోంచి అరటిపండునీ దోసకాయనీ తీసేశారు. మన విస్తట్లో అరటిపండు చివర్న వస్తుంది కదా, పెరుగన్నంతో, అది నాకు ఆ రోజు వేరేగా కనపడింది. అన్నం మానేసి సగం రోజు పండ్ల మీదే బతకమన్న మాట నాకు ఎక్కడా దొరకలేదు.

ఖాళీ కడుపుతో పండు ఎప్పుడూ మంచిదే అనేవాళ్ళకి బిహార్‌లోని ముజఫర్‌పూర్ సంగతి చెప్పాలి. అక్కడ లిచీ కాపు కాసే రోజుల్లో పిల్లలు తెల్లారేసరికి ఫిట్స్ వచ్చి స్పృహ తప్పి పడిపోయేవాళ్ళు. 2014 వేసవిలో అలా 390 మందిని రెండు ఆసుపత్రుల్లో చేర్చారు, 122 మంది పోయారు. 2017లో వచ్చిన పరిశోధనలో తేలింది ఏంటంటే లిచీలో సహజంగా ఉండే ఒక రకం విషపదార్థాలు ఒంట్లో చక్కెర తయారవ్వకుండా అడ్డుకుంటాయి, రాత్రి అన్నం తినకుండా పడుకున్న పిల్లల్లో అది ప్రాణాల మీదికొచ్చింది, పచ్చికాయల్లో ఆ పదార్థాలు ఇంకా ఎక్కువ. లిచీ మంచిదా చెడ్డదా అని అడిగితే దీనికి జవాబు లేదు. పండిందా, ఎంత తిన్నాడు, ముందు రాత్రి తిన్నాడా, ఆ పిల్లాడి ఒంట్లో ఏముంది అని అడగాలి. ఎనిమిదిలో ఆఖరిది అదే, తినేది ఎవరు.

అకాలజం

ఇప్పుడు నాకు అసలు బాధ ఎక్కడుందో అక్కడికొస్తాను. పండ్ల విషయంలో సుశ్రుతుడు దాదాపు ఏ పండునీ మినహాయించకుండా వద్దన్నవి ఉన్నాయి. రోగం పట్టింది, పురుగు పట్టింది, మరీ పండిపోయింది, కాలం కాని కాలంలో వచ్చింది, పక్వానికి రానిది. అకాలజం, అపర్యాగతం, ఇవీ ఆయన మాటలు. మారేడు ఒక్కటే పచ్చిది మేలన్నాడు, మిగిలినవన్నీ పండాకే. వాగ్భటుడూ అదే చెప్పాడు. పాలతో కలపడం గురించి మినహాయింపులున్నాయి, వాదాలున్నాయి. పండని పండు గురించి ఏ వాదమూ లేదు.

మరి మన ఇళ్ళలో? పోయిన మార్చి మొదటివారంలో మా అపార్ట్‌మెంట్ గేటు ముందు తోపుడుబండి మీద బంగినపల్లి కనపడింది. అన్నీ ఒకే పసుపు, పెయింట్ వేసినట్టు, ఒక్క మచ్చ లేదు. పిల్లాడు అడిగాడని రెండు కిలోలు కొన్నాను. ఇంటికొచ్చి ముచ్చిక దగ్గర వాసన చూస్తే ఏ వాసనా లేదు. కోస్తే పైన మెత్తగా ఉంది, టెంక చుట్టూ తెల్లగా గట్టిగా పుల్లగా ఉంది. సంచి అడుగున చిన్న కాగితం పొట్లం ఒకటి పడి ఉంది, అందులో బూడిదరంగు పొడి. చేత్తో ముట్టుకుంటే కాస్త మంటగా అనిపించింది.

అది కార్బైడో కాదో నేను పరీక్ష చేయించలేదు. కానీ క్యాల్షియం కార్బైడ్ తడి తగిలితే ఎసిటిలిన్ వదుల్తుంది, దానితో తొక్క రంగు తిరుగుతుంది, లోపల పండదు. అందులో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ ఆనవాళ్ళు ఉంటాయని దాన్ని పండ్లకి వాడ్డం దేశమంతా నిషేధం, 2011 ఆహార భద్రత నియమాల్లోనే ఉంది. ఎథిలిన్ వాయువైతే 100 పీపీఎం (పది లక్షల పాళ్ళకి వంద పాళ్ళు) దాకా వాడుకోవచ్చని 2016లో అనుమతిచ్చారు. 2015లో మన ఉమ్మడి హైకోర్టు కార్బైడ్ సంగతి తనంతట తానే విచారణకి తీసుకుని రెండు ప్రభుత్వాలనీ నిలదీసింది. ఇంత జరిగినా పొట్లం నా సంచిలోకి వచ్చింది. ఎథిలిన్ మంచిదే, పండు తనకి తాను పుట్టించుకునేది కూడా అదే, కాకపోతే ముదరకుండా కోసిన కాయకి ఏ వాయువు పెట్టినా అది అపర్యాగతమే కదా అని నా అనుమానం. ముదరని కాయలో తీపి ఎక్కణ్ణుంచి వస్తుంది?

తప్పంతా రైతుదీ వ్యాపారిదీ అనను. మార్చిలో మామిడిపండు కావాలన్నది మనమే. ముందు దిగిన సరుక్కి ధర ఉంటుంది, గాలివానొస్తే చెట్టు మీదున్నదంతా నేలపాలు, కాయ ముదిరేదాకా ఆగే ధైర్యం రైతుకి ఎవరిస్తారు? ఒక పక్క పాలల్లో అరటిపండు చూసి గిన్నె పారేస్తాం, ఇంకో పక్క ఫ్రిజ్ నిండా ఏడాది పొడుగునా ద్రాక్ష, ఎక్కణ్ణుంచో వచ్చిన ఆపిల్, జనవరిలో పుచ్చకాయ. మన పండగల్లో ఈ లెక్క ఎంత చక్కగా కూర్చారో చూడండి, ఉగాదికి మామిడి పిందె, చవితికి వెలగ, కార్తీకంలో ఉసిరి చెట్టు కింద భోజనాలు, భోగికి రేగుపళ్ళు. పుస్తకం చదవని మా నానమ్మకి రుతుచర్య, అంటే ఏ కాలంలో ఎలా తినాలో తెలుసంటే ఇందుకే తెలుసు.

తమ్ముడి ప్రశ్న

ఇదంతా తమ్ముడికి ఫోన్‌లో చెప్తే వాడొకటి అడిగాడు. వాడు ఫార్మసీ చదివాడు. "అక్కా, ఎవరి ఒంటికి తగ్గట్టు వాళ్ళు తినాలి అన్నాక ఇంక రూల్ ఎందుకు? పనిచేస్తే శాస్త్రం గొప్పది, పనిచెయ్యకపోతే నీ ఒళ్ళు అలాంటిది, ఇలా అయితే ఎప్పటికీ తప్పని తేలదు కదా?" అన్నాడు. నాకు వెంటనే జవాబు రాలేదు. రెండు మూడు రోజులు తిరిగింది బుర్రలో.

వాడన్నదాంట్లో సగం ఒప్పుకుంటున్నాను. ఫలానా పండు ఫలానా జబ్బు తగ్గిస్తుంది అనేవాళ్ళని ఆ ప్రశ్న అడగాల్సిందే, పరీక్షకి నిలబడకపోతే వదిలెయ్యాల్సిందే, షుగరూ కిడ్నీ జబ్బూ ఉన్నవాళ్ళు పండ్ల విషయంలో ముందు తమ డాక్టరు మాట వినాల్సిందే. కానీ వంటింట్లో నాకు కావలసింది జబ్బు తగ్గించే మందు కాదు, ఇవాళ మా పిల్లాడికి ఏం పెట్టాలి అన్నది. దానికి ఆ ఎనిమిది ప్రశ్నలు పనికొస్తున్నాయి. వాడికి జలుబు చేసి ముక్కు కారుతున్న రోజు రాత్రి అరటిపండు పెట్టను, వాడు నిన్న సరిగ్గా దొడ్డికి వెళ్ళాడా చూస్తాను, నాలిక మీద తెల్లగా పేరుకుందా చూస్తాను, సాయంత్రం పార్కులో ఆడొచ్చాడా లేక టీవీ ముందు కూర్చున్నాడా చూస్తాను. ఇవన్నీ బాగుంటే పాలన్నంలో పండు కలుపుతాను. తప్పయితే మర్నాడు తెలుస్తుంది, మానేస్తాను. ఇది చెప్తే తమ్ముడు కాసేపు ఆగి "అది చూసుకోవడం అక్కా, శాస్త్రం కాదు" అన్నాడు. కావచ్చు. అలా చూసుకోమని చెప్పింది మాత్రం ఆ పుస్తకమే.

అమ్మకి చరకంలో ఆ మినహాయింపు ఉన్న పేజీ చదివి వినిపించాను. కళ్ళజోడు పెట్టుకుని తాత్పర్యం తనే ఇంకోసారి చదువుకుంది, వేలు పెట్టి, ఒక్కో పదం. ఏమీ అనలేదు. ఆ రాత్రి తనే పాలన్నం కలిపింది, పండు సగమే వేసింది, మిగతా సగం తన నోట్లో వేసుకుంది.

మే మూడోవారంలో ఊరి నుంచి రసాలు వచ్చాయి, అట్టపెట్టెలో వరిగడ్డి మధ్య, అక్కడక్కడా సొన కారి తొక్క నల్లబడి, సగం పచ్చగా సగం పసుపుగా. అమ్మ ఫోన్‌లో చెప్తూనే ఉంది, ఇంకా నాలుగు రోజులు ముట్టుకోవద్దు, రోజూ తిరగెయ్యి, వాసనొచ్చినవి తీసి గంటసేపు నీళ్ళల్లో వెయ్యి అని. మా వాడు రోజూ బడి నుంచి రాగానే బ్యాగు పడేసి పెట్టె దగ్గర కూర్చుని ఒక్కో పండు ముచ్చిక దగ్గర ముక్కు పెట్టి "ఇంకా లేదమ్మా" అని చెప్పి గడ్డి కప్పేసి వెళ్తున్నాడు.